గుమ్మంలో అన్న మాట

మే 11, సోమవారం

జపాన్ కాన్సుల్‌గా బాధ్యతలు తీసుకున్నాను. బల్ల మీద దుమ్ము కూడా నేనే తుడుచుకున్నాను. ఇక్కడి జపాన్ వాళ్ళ పత్రికకి "కొత్త కాన్సుల్ పలకరింపు" రేపటికల్లా కావాలట. కూర్చుని రాశాను. మూడు లక్ష్యాలు పెట్టాను. పట్నం దాకా రాలేని ముసలివాళ్ళ దగ్గరికి కార్యాలయమే వెళ్ళడం. మూడో తరం పిల్లలకి మన భాష. మూడోది, మా జాబితాలో పేరున్న ఒక్కరినీ వదిలిపెట్టకపోవడం.

మూడోది రాస్తుంటే మా గుమాస్తా ఆర్లిందో షిరాతొరి భుజం మీంచి తొంగి చూశాడు. యాభై దాటిన మనిషి, ఈ బ్రెజిల్‌లోనే పుట్టాడు. జపాన్ ఒక్కసారి చూసి, చలి వేసిందని తిరిగొచ్చేశాడట.

"మేడం, మీ ముందు పనిచేసిన ఏడుగురూ ఇదే రాశారు. పాత కాగితం మీద పేరు మార్చేస్తే సరిపోయేది."

"వాళ్ళు రాశారు. నేను చేస్తాను."

"ఆ ముక్క కూడా రాశారు మేడం."

నోరు ఎక్కువే గానీ కాఫీ బాగా పెడతాడు.

అమ్మకి ఇంకా ఫోన్ చేయలేదు. జపాన్‌లో, నీగాతాలో ఒక్కతే ఉంటుంది, నిజమే. కానీ బయల్దేరేటప్పుడు చెప్పే వచ్చాను కదా.

మే 12

ఉక్క. ఇంకేం లేదు.

మే 20

జాబితా అంతా చూడడం పూర్తయింది. ఆరువందల పదకొండు పేర్లు. పెళ్ళిళ్ళు, పుట్టుకలు, చావులు, పాస్‌పోర్టులు, అందరికీ ఏదో ఒక కాగితం ఉంది. ఒక్క పేరుకి ఏమీ లేదు. నుమకుర ఫుసాయె. 1955లో పుట్టింది, 1961లో అమ్మానాన్నలతో ఓడ దిగింది. చిరునామా హోషినో, మిరియాలు పండించే వలస ఊరు, ఇక్కణ్ణించి జీపులో అయిదు గంటలు. ఆ తర్వాత ఆ మనిషి ఒక్క సంతకం కూడా పెట్టలేదు. ఉంటే యాభై నాలుగేళ్ళు.

ఆర్లిందోని అడిగాను. ఒక్కసారిగా పని గుర్తొచ్చినట్టు లేచాడు.

"ఆ పేరు అలా ఉండనివ్వండి మేడం. ఏడుగురూ ఉంచారు."

"టోక్యో ఉంచనివ్వదు. సెప్టెంబర్ ఆఖరుకల్లా తేల్చమని ఉత్తరం వచ్చింది. బతికుంటే చూశానని నేను రాయాలి, లేదంటే పోయిందని వాళ్ళమ్మ సంతకం చేయాలి."

"అయితే ఆవిడ సంతకం పెట్టదు. మీరు చూడరు. తేలిపోయింది" అన్నాడు. నవ్వలేదు.

జూన్ 6, శనివారం

హోషినో వెళ్ళొచ్చాను. ఒళ్ళంతా ఎర్ర దుమ్ము.

సంఘం హాల్లో బోలెడు మర్యాద. సంఘం పెద్ద ఒనొదెర గారు మిరియాల రైతు, ఫుసాయె ఈడువాడే. నా పలకరింపు కాగితం కత్తిరించి జేబులో పెట్టుకున్నారు. "ఒక్కరినీ వదలనన్నారు, కాన్సుల్ గారూ. చదివాను" అన్నారు.

ఫుసాయె తల్లి కిసా బామ్మ ఇల్లు ఊరి చివర, మిరియాల గుంజలు మొదలయ్యే చోట. ఎనభై ఏడేళ్ళు. కళ్ళు పోయి పదహారేళ్ళయింది. మేం వెళ్ళేసరికి మిట్టమధ్యాహ్నం, నీడ అన్నది లేదు. ఆర్లిందో, ఒనొదెర గారు ఇద్దరూ గుమ్మంలో గట్టిగా "నమస్కారం" అని లోపలికి వెళ్ళారు. నేను వంగి బూట్లు విప్పుకుంటున్నాను. లోపల్నించి ఆవిడ, ఎంతో మామూలుగా, "ఓకాయేరి" అంది.

వచ్చావా, అని. ఇంటి మనిషి ఇంటికి తిరిగొస్తే అనే మాట. కొత్తవాళ్ళతో ఎవరంటారు?

నేను "తదైమా" అనేశాను. వచ్చేశా, అని.

అనాలనుకుని అనలేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఎవరు వచ్చావా అన్నా వచ్చేశా అంటున్న నోరు. బడి నుంచి, ఆఫీసు నుంచి, చెప్పులు విప్పుతూ. ఎవరైనా అంతే కదా! కానీ ఒనొదెర గారి చేతిలో టీ కప్పు గాల్లోనే ఆగిపోయింది. ఆర్లిందో నేలవైపు చూస్తున్నాడు.

బామ్మ నవ్వింది. పక్కన రోజూ పెట్టే పళ్ళెం ఉంది. దూరాన ఉన్న మనిషి కోసం వడ్డించి పెడతారే, అది. మా అమ్మకీ ఈ చాదస్తం ఉంది, నేను ఏ దేశం వెళ్ళినా పెడుతుంది. అన్నం గిన్నె మూత తీసి లోపల చెమట పట్టి ఉంటే ఆ మనిషి క్షేమం అని లెక్క. బామ్మ మూత తీసి వేలితో తడిమి చూసుకుంది. పళ్ళెం నా ముందుకి తోసింది.

"ఇక ఇది ఎందుకు? తిను తల్లీ. చల్లారుతుంది."

నలభై ఆరేళ్ళుగా పెట్టిన పళ్ళెమట. తిన్నాను. కాదంటే ముసలిదాని మనసు కష్టపడదూ? పచ్చి బొప్పాయి ఊరగాయ బాగుంది.

సంతకం మాట ఎత్తలేదు.

 

జూన్ 8

పొద్దున్నే అమ్మకి ఫోన్ చేశాను. అక్కడ రాత్రి భోజనం వేళ. పొడిగానే మాట్లాడింది.

"మొన్నటినించీ మూతకి చెమట పట్టడం లేదే. ఒంట్లో బాగుందా?"

"అన్నం చల్లారాక పెడుతున్నావేమో చూసుకో."

"నాకు అన్నం పెట్టడం రాదంటావా?"

అలా మొదలై అలాగే అయిపోయింది. మొన్న అంటే శనివారం. ఊరికే లెక్కేశాను.

జూన్ 27, శనివారం

సంతకం కోసమే వెళ్ళాను. మళ్ళీ "వచ్చావా" అంది. ఈసారి "నమస్కారం" అందామనుకున్నాను. "వచ్చేశా" అనే వచ్చింది.

బామ్మ పెట్టె తెరిపించింది. లోపల మడతల మధ్య మిరియాలు చల్లిన యుకాతాలు, పల్చటి నూలు కిమోనోలు, ముప్ఫై. ఫుసాయెకి తొమ్మిదేళ్ళప్పటి నుంచి ఏడాదికొకటి చొప్పున, ఈపాటికి ఇంత ఎత్తు ఎదిగి ఉంటుంది అనుకుంటూ కుట్టిందట. కళ్ళు పోయాక ఆపేసింది. అంటే చివరిది ముప్ఫై ఎనిమిదేళ్ళ మనిషిది.

"వేసుకుని చూడు."

భుజాలు, చేతులు, పొడవు, ఎక్కడా ఒక్క వేలెడు తేడా లేదు. నేను మామూలు ఎత్తు మనిషిని. ఎవరికి కుట్టింది వేసుకున్నా సరిపోతుంది. అదేం వింత కాదు.

కాగితం చదివి వినిపించాను. మొత్తం వింది. "పోయిందని నేను సంతకం చేస్తే దాని పేరు కొట్టేస్తారా?" అంది. అవునన్నాను.

"ఆ రోజు మధ్యాహ్నం తోటలో ఉన్న నాన్నని అన్నానికి పిలుచుకు రమ్మన్నాను. ఎనిమిదేళ్ళ పిల్ల. ఈ గుమ్మంలోనే నించుని 'వెళ్ళొస్తా' అంది. నాన్న ఒక్కడే వచ్చాడు, నన్నెవరూ పిలవలేదే అంటూ. వెళ్ళొస్తానన్నది రాకుండా ఉంటుందా? నువ్వే చెప్పు. నువ్వు మీ అమ్మకి వెళ్ళొస్తానని చెప్పే కదా వచ్చావు?"

చెప్పాననే అన్నాను. అబద్ధం కాదు, దాదాపు అంతే.

జూలై 18

మళ్ళీ హోషినో. పట్నంలో నిద్ర పట్టడం లేదు, అక్కడి చాప మీద పడుకుంటే ఇట్టే పడుతుంది. ఆర్లిందో సణుగుతున్నాడు.

"ముసలివాళ్ళ దగ్గరికి వెళ్ళడం మొదటి లక్ష్యం, ఒప్పుకుంటాను. మన జిల్లాలో ముసలివాళ్ళు నూట నలభై మంది. మీరు ఒక్కావిడ దగ్గరికి అయిదుసార్లు వెళ్ళారు."

"ఆవిడకి ఎవరూ లేరు."

"ఆవిడకి ఎవరూ లేరనే మా హోషినో వాళ్ళందరూ రెండు పూటలా చూస్తున్నారు మేడం, భర్త పోయిన దగ్గర్నించీ. మీకెవరున్నారు, అది చెప్పండి."

హద్దు మీరి మాట్లాడాడు. మాట్లాడొద్దన్నాను.

వెనకవైపు మూడో మెట్టు కదులుతుంది, అందుకే దాన్ని దాటి దిగాను. ఎవరు చెప్పారో గుర్తు లేదు. ఎవరో చెప్పే ఉంటారు.

ఆగస్టు 3

మూతకి ఇంకా చెమట పట్టడం లేదట. అమ్మ ఏడ్చింది. నేను గట్టిగా అరిచాను. 

ఆగస్టు 15, శనివారం

హోషినోలో బొన్ పండగ. పోయినవాళ్ళు ఇళ్ళకి వచ్చే రోజులు. పొద్దున బామ్మ భర్త సమాధి కడిగాను. నుమకుర తొరజో, 1981. తోటలో పని చేస్తూనే పోయాడట. బామ్మ రాయి మీద చెయ్యి వేసి, "ఈయన్ని ఇంకా ఎవరూ అన్నానికి పిలవలేదు" అంది. నవ్వాలో వద్దో తెలియక నవ్వాను.

సాయంత్రం ఎండ ఉండగానే పండగ నాట్యం మొదలైంది. ముప్ఫయ్యో యుకాతా వేసుకున్నాను. ఆడాను. ఇక్కడి అడుగులు వేరుగా ఉంటాయి, చివర్లో రెండుసార్లు వెనక్కి తిరగాలి. ఎక్కడా తప్పలేదు.

ఆగస్టు 18

ఆర్లిందో ఫోటోలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. నేనే చూశాను. నా యుకాతాకి కుడి అంచు పైకి ఉంది.

శవానికి కట్టినట్టు.

"ఫోటో తిరగేసి కడిగారు" అన్నాను.

"వెనక బ్యానర్ మీద అక్షరాలు సరిగానే ఉన్నాయి మేడం."

ఎవరు కట్టారు నాకు? నేనే కట్టుకున్నాను. అయిదేళ్ళప్పుడు అమ్మ చెంపమీద ఒక్కటిచ్చి మరీ నేర్పింది, ఎడమ అంచు పైకి, ఎడమ అంచు పైకి అని. ఎవరైనా మర్చిపోతారా ఆ సంగతి? భయం వేస్తోంది. ఇది నా డైరీ, ఇక్కడైనా రాస్తాను. భయం వేస్తోంది.

ఆగస్టు 21

ఒనొదెర గారు పట్నం వచ్చారు. ఎరువుల పని అన్నారు, మా ఆఫీసులోనే గంట కూర్చున్నారు. చివరికి చెప్పారు.

"ఆ గుమ్మంలో మేమెవ్వరం ఆ మాట అనం. పిల్లలకి కూడా మొదట నేర్పేది అదే. కిసా బామ్మ ఇంట్లో అడుగు పెట్టేముందు గట్టిగా నమస్కారం అనాలి, ఆవిడ నోట 'వచ్చావా' రాకముందే. పొరపాటున కూడా 'వచ్చేశా' అనకూడదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"మర్చిపోయాను" అన్నారు. టోపీ చేతిలో తిప్పుతూ, "కాదు. మర్చిపోలేదు. ఆ రోజు ఫుసాయె నన్ను కూడా తోడు రమ్మంది. చేపలు పడుతున్నాను, రాను పో అన్నాను. మీరేమో ఒక్కరినీ వదలనని పత్రికలో రాశారు. ఎవరో ఒకరు పలికితే తప్పేముందిలే అనుకున్నాను. మీరు మూడేళ్ళుండి పోయే మనిషి కదా, మీకేమవుతుందిలే అనుకున్నాను" అన్నారు.

అంత పెద్దమనిషీ ఏడ్చాడు. నాకు మాత్రం కొట్టాలనిపించింది.

ఆగస్టు 22

రాయాలి. అమ్మకి వెళ్ళొస్తానని నేను చెప్పలేదు.

బయల్దేరిన రోజు అమ్మ గుమ్మంలో నించుని ఈ వయసులో నన్నొక్కదాన్నీ వదిలి అంత దూరం అవసరమా అంది. నీ చేతి కింద ఉండలేకే పోతున్నాను అన్నాను. పెట్టె లాక్కుని "వెళ్తున్నాను" అన్నాను. తలుపు నా వెనక గట్టిగా పడింది. అమ్మ "వెళ్ళి రా" అన్నట్టు వినిపించింది. వినిపించనట్టే నడిచాను.

చెప్పే వచ్చానని మే నెల నుంచీ రాసుకుంటున్నాను. ఎవరికోసం రాసుకున్నాను?

సెప్టెంబర్ 12, శనివారం

ఇవాళ తేల్చేద్దామని వెళ్ళాను. సంతకం పెట్టినా పెట్టకపోయినా నిజం చెప్పేద్దామని. బామ్మ మంచం పట్టింది. రెండు వారాలు కూడా ఉండదంది డాక్టరమ్మ.

చేయి పట్టుకుని చెప్పాను. "బామ్మగారూ, నేను ఫుసాయెని కాదు. నా పేరు తొగాషి మిసావో. మా అమ్మ నీగాతాలో ఉంది."

"తెలుసు" అంది. "కళ్ళు పోయాయి గానీ బుద్ధి పోలేదు. నా కూతురి అడుగు నాకు తెలియదా? నువ్వు మడమ మీద బరువేసి నడుస్తావు."

"మరి ఎందుకు..."

"పిలిచాను, పలికావు. ఎనభై ఏడేళ్ళ దాన్ని, నేను పోయాక దానికి పళ్ళెం ఎవరు పెడతారు? సంఘంవాళ్ళు నా సమాధి కడుగుతారు, అంతే. పిల్లకి ఒక అమ్మ కావాలి. మీ అమ్మకి ఎన్నేళ్ళు?"

"అరవై ఆరు" అన్నాను. ఎందుకు చెప్పాను?

"ఇంకా ఇరవై ఏళ్ళు పెడుతుంది" అని తృప్తిగా తల ఊపింది. "నా బిడ్డ వెళ్ళొస్తానని చెప్పి దారి తప్పింది. నువ్వు చెప్పకుండా వచ్చావు. ఆ సంగతి మొదటి రోజే తెలిసింది నాకు, గుమ్మంలో నీ గొంతు వినగానే. తిరిగి వెళ్ళే దారి నువ్వు వాడుకోనప్పుడు దాన్ని నా బిడ్డకిస్తే నీకేం నష్టం?"

"నేను ఎక్కడికి పోవాలి మరి?"

"ఇదేం ప్రశ్న, పిచ్చిదానా. నువ్వు ఇంట్లోనే ఉన్నావుగా" అంది. నా జుట్టు నిమిరింది. తల వెనక్కి లాక్కోవాలనుకున్నాను. లాక్కోలేదు. అమ్మ నా జుట్టు నిమిరి ఎన్నేళ్ళయింది!

సెప్టెంబర్ 13, ఆదివారం

నిన్న పట్నం వెళ్ళలేదు. ఆర్లిందో ఎంత చెప్పినా జీపు ఎక్కలేకపోయాను. ఇవాళ పొద్దున ఏడింటికి సంఘం హాల్లోంచి అమ్మకి ఫోన్ చేశాను.

ఎంత ఉత్సాహంగా ఎత్తింది! "ఎవరండీ" అంది.

"అమ్మా, నేను. మిసావోని."

పరాయివాళ్ళతో మాట్లాడే మర్యాద గొంతుతో, "మీరు ఎవరో పొరబడ్డారండీ. మా మిసావో ఇంట్లోనే ఉంది. ఇవాళ మధ్యాహ్నమే వచ్చింది. చెప్పాపెట్టకుండా! చెప్పుల్లేకుండా వచ్చింది, కాళ్ళనిండా ఎర్రమట్టి. కాన్సుల్ ఉద్యోగమట, ఏం ఉద్యోగాలో. అన్నం తింటోంది" అంది.

"అమ్మా, అది నేను కాదు. నేను ఇక్కడున్నా. వింటున్నావా? ఆ రోజు నేను అనలేదు, ఇప్పుడంటున్నాను. వెళ్ళొస్తా. అమ్మా, వెళ్ళొస్తా, వెళ్ళొస్తా."

"అయ్యో పాపం, ఏడవకమ్మా" అంది అమ్మ. పక్కకి తిరిగి, "ఎవరో అమ్మాయి, ఏడుస్తోంది. నువ్వు మాట్లాడతావా?" అంది.

ఫోన్ చేతులు మారింది. ఊపిరి వినిపించింది. నా గొంతే. మాట తీరు మాత్రం హోషినో పెద్దవాళ్ళది, ఆ పాత యాస.

"నాన్నని అన్నానికి పిలిచావా?" అంది.

ఫోన్ పెట్టేశాను. 

సెప్టెంబర్ 14

కాగితం నింపాను. నుమకుర ఫుసాయె. సజీవం. హోషినో వలస, తల్లి ఇంట్లో నివాసం. స్వయంగా చూశాను.

సంతకం దగ్గర కొంచెం ఆలోచించాల్సి వచ్చింది.

ఆరువందల పదకొండు. ఒక్కరినీ వదల్లేదు.

సెప్టెంబర్ 17

అమ్మ ఇవాళ లేచి కూర్చుంది, ఆకలి వేస్తోందంది. అన్నం నేను వండాను. మూడో మెట్టుకి మేకు కొట్టాలి.

సెప్టెంబర్ 18

గేటు దగ్గర ఎవరో యాభై దాటినాయన "మేడం, మేడం, బయటికి రండి, దండం పెడతాను" అని పొద్దుటినుంచీ పిలుస్తున్నాడు. మా ఇంట్లో మేడం ఎవరున్నారు? పాపం, ఎండలో నించున్నాడు. నీళ్ళిచ్చాను. నా మొహం చూసి ఏడ్చాడు.

సెప్టెంబర్ 19, శనివారం

మధ్యాహ్నం. అన్నం అయింది, చారు కాగింది. అమ్మ మంచంలోంచే మూడు గిన్నెలు సర్దమంది. నాన్న ఇంకా తోటలోనే ఉన్నాడు. వెళ్ళి పిలుచుకు రావాలి.

గుంజల మధ్య దారి ఇక్కడినుంచి బాగా కనిపిస్తోంది. నీడ అన్నది లేదు.

గుమ్మంలో నించుని చెప్పాను, అమ్మకి వినిపించేలా, గట్టిగా. ఈసారి మర్చిపోలేదు. వెళ్ళొస్తా.